నెట్‌వర్క్ డేటాబేస్ స్క్రిప్టుల్లో ఫైల్ రిఫరెన్స్ దోషాలు

ఒక డేటాబేస్ గానీ, దాన్ని నడిపే స్క్రిప్టు గానీ తనకు కావలసిన ఇంకో ఫైలు ఎక్కడుందో గుర్తు పెట్టుకునే ఆనవాలును ఫైల్ రిఫరెన్స్ అంటారు. అది డ్రైవ్ పేరుతో మొదలయ్యే పూర్తి పాత్ కావచ్చు, సర్వర్ పేరు కావచ్చు, ఐపీ చిరునామా కావచ్చు, లేదంటే వట్టి ఫైలు పేరే కావచ్చు. ఒక్క కంప్యూటర్ మీద పనిచేసినంత కాలం దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఫైలును సర్వర్ మీదికి ఎక్కించి పదిమంది పది సీట్ల నుంచి తెరవడం మొదలుపెట్టాక, నిన్నటిదాకా నడిచిన స్క్రిప్టు ఒకరి దగ్గర నడిచి ఇంకొకరి దగ్గర ఆగిపోతుంది. ఆఫీసుల్లో దీన్నే లింక్ తెగిపోయిందనో, పాత్ పోయిందనో అంటారు.

‘మా ఇల్లు రామాలయం వెనకాల’ అంటే ఆ ఊళ్లో ఉన్నవాడికి చాలు. ఊరు మారితే ఆ గుర్తు పట్టుకుని వెళ్లినవాడు దారి తప్పడు, ఎందుకంటే అక్కడా ఒక రామాలయం ఉంటుంది. నేరుగా వెళ్లి ఇంకెవరి ఇంటి తలుపో తడతాడు. ఫైల్ రిఫరెన్స్ దోషాలు రెండు రకాలు. మొదటిది ఫైలు దొరకకపోవడం. రెండోది, ఆ రామాలయం గుర్తులాగే, అదే పేరున్న వేరే ఫైలు దొరకడం. మొదటి దోషం ఎర్రర్ చూపించి ఆగుతుంది కాబట్టి ఆ రోజే బయటపడుతుంది. రెండోది ఏ ఎర్రరూ ఇవ్వదు. నెలాఖరున లెక్కలు తేలనప్పుడో, ఎక్కించిన బిల్లులు కనబడనప్పుడో తెలుస్తుంది. సహాయ పుస్తకాలు ఎక్కువ పేజీలు మొదటిదానికే ఇస్తాయి గానీ, అసలు నష్టం చేసేది రెండోదే.

పాత తరం: డీబేస్, ఫాక్స్‌ప్రో, యాక్సెస్

పర్సనల్ కంప్యూటర్ డేటాబేసుల్లో తొలి పెద్ద పేరు డీబేస్. సి. వేన్ రాట్లిఫ్ రాసిన ప్రోగ్రాముకు అది యాష్టన్-టేట్ కంపెనీ పెట్టిన పేరు. అందులో ఒక పట్టిక అంటే ఒక డీబీఎఫ్ ఫైలు. ఇండెక్సు ఇంకో ఫైలు, మెమో ఇంకోటి. ఆ దారిలోనే వచ్చిన క్లిప్పర్, ఫాక్స్‌ప్రోలలోనూ ఇదే పద్ధతి. ఒక చిన్న జీతాల ప్రోగ్రాముకు కూడా డజన్ల కొద్దీ ఫైళ్లు ఉండేవి. స్క్రిప్టులో వట్టి ఫైలు పేరు రాస్తే ఫాక్స్‌ప్రో ముందు ప్రస్తుత ఫోల్డర్లో, తర్వాత సెట్ పాత్ ఆదేశంతో ఇచ్చిన ఫోల్డర్లలో వరసగా వెతుకుతుంది. ఎవరో పరీక్ష కోసం చేసుకున్న కాపీ ప్రస్తుత ఫోల్డర్లో మిగిలిపోతే ముందు అదే తెరుచుకుంటుంది. సర్వర్లోని అసలు పట్టిక దాకా వెతుకులాట వెళ్లనే వెళ్లదు.

మైక్రోసాఫ్ట్ 1992లో ఫాక్స్ సాఫ్ట్‌వేర్‌ను కొనుక్కుంది. తర్వాత వచ్చిన విజువల్ ఫాక్స్‌ప్రోలో డీబీసీ అనే డేటాబేస్ ఫైలు చేరి, ఆనవాలు రెండు వైపులా రాయడం మొదలైంది. డీబీసీలో పట్టిక ఎక్కడుందో ఉంటుంది. పట్టిక హెడర్ చివర 263 బైట్ల చోటులో తన డీబీసీ ఎక్కడుందో ఉంటుంది. కాబట్టి ఎక్స్‌ప్లోరర్లో డీబీఎఫ్ ఒక్కదాన్నే లాగి ఇంకో ఫోల్డర్లో పడేస్తే రెండు వైపులా లింకు చెడుతుంది. ఫారంల డేటా ఎన్విరాన్‌మెంట్‌లో ప్రోగ్రామరు సొంత కంప్యూటర్ పాత్ మిగిలిపోవడం కూడా ఫాక్స్‌ప్రోలో మామూలే.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఫారంలూ రిపోర్టులూ ఉండే ఫ్రంట్ ఎండ్ ఒక ఫైలు, పట్టికలుండే బ్యాక్ ఎండ్ ఇంకో ఫైలు. ఫ్రంట్ ఎండ్ ప్రతి లింక్డ్ టేబుల్‌కూ బ్యాక్ ఎండ్ పూర్తి పాత్‌ను దాచుకుంటుంది. అందులో ఎఫ్ డ్రైవ్ అని ఉండి, పక్క సీటులో అదే షేర్డ్ ఫోల్డర్ జడ్ డ్రైవ్‌గా మ్యాప్ అయి ఉంటే పని ఆగుతుంది. ఫైలు లేకపోతే 3024, పాత్ చెల్లకపోతే 3044 నంబరు ఎర్రర్ వస్తుంది. డ్రైవ్ అక్షరం మానేసి సర్వర్ పేరు, షేర్ పేరు కలిపి రాసే యూఎన్‌సీ పాత్ వాడితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఇంకో మెలిక ఉంది. యాక్సెస్ ఫైలు తెరిచినప్పుడు పక్కనే ఒక లాక్ ఫైలు పుడుతుంది. ఆ ఫోల్డర్లో కొత్త ఫైలు సృష్టించే అనుమతి లేని ఉద్యోగికి డేటా ఫైలు కళ్లెదుటే కనిపిస్తున్నా సరిగా తెరుచుకోదు. అతను పాత్ తప్పనుకుని దాన్ని పదిసార్లు సరిచూస్తాడు. పాత్‌లో ఏ తప్పూ ఉండదు.

ఫైల్‌మేకర్ ఉదాహరణ

ఈ దోషాలన్నీ ఒకేచోట కనబడే సాఫ్ట్‌వేర్ ఫైల్‌మేకర్. 1985లో మకింతోష్ కోసం నషోబా సిస్టమ్స్ తయారుచేసిన ఈ డేటాబేస్ తర్వాత యాపిల్ అనుబంధ సంస్థ క్లారిస్ చేతికొచ్చింది. క్లారిస్ 1998లో ఫైల్‌మేకర్ ఇన్‌కార్పొరేటెడ్‌గా మారి, 2019లో మళ్లీ క్లారిస్ అన్న పాత పేరుకే వచ్చింది. నెట్‌వర్క్ మీద పంచుకోవడానికి ఇది 5003 పోర్టు వాడుతుంది. ఫైర్‌వాల్ ఆ పోర్టును మూసేసినా మనిషి కంటికి ‘ఫైలు లేదు’ అన్నట్టే ఉంటుంది.

2004లో 7వ వెర్షన్ వచ్చేదాకా ఫైల్‌మేకర్‌లో ఒక ఫైలంటే ఒక్కటే పట్టిక. కస్టమర్లకు ఒక ఫైలు, బిల్లులకు ఒకటి, బిల్లులోని వరసలకు ఇంకొకటి. ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు సంబంధం కలిపినా, స్క్రిప్టు పిలిచినా లోపల ఒక రిఫరెన్స్ పుట్టేది. అవన్నీ ఒకచోట చూసుకునే వీలు లేదు. ల్యాప్‌టాప్‌లో కట్టి సర్వర్‌కు ఎక్కించిన పరిష్కారంలో ల్యాప్‌టాప్ పాతులు కూడా నిశ్శబ్దంగా సర్వర్ ఎక్కేవి. 7వ వెర్షన్ ఒకే ఫైలులో ఎన్నో పట్టికలకు చోటిచ్చింది, రిఫరెన్సులన్నిటినీ జాబితాగా చూపించింది. పాత ఫైళ్లను మార్చుకున్నవాళ్లు ఆ జాబితా తెరిచి చూస్తే ఒకే ఫైలుకు నాలుగైదు ఆనవాళ్లు కనిపించేవి. ఒకటి పాత సర్వర్ ఐపీతో, ఒకటి ఎవరిదో డెస్క్‌టాప్ పాత్‌తో. 9వ వెర్షన్ నుంచి ఈ జాబితాను ఎక్స్‌టర్నల్ డేటా సోర్సెస్ అంటున్నారు.

ఒక్కో డేటా సోర్సుకు ఎన్ని పాతులైనా, వరసకు ఒకటి చొప్పున రాయవచ్చు. ఫైల్‌మేకర్ పైనుంచి కిందికి ఒక్కొక్కటే ప్రయత్నించి మొదట దొరికినదాన్ని తెరుస్తుంది, అంతటితో వెతకడం ఆపేస్తుంది. ఈ ఒక్క నియమం గుర్తుంటే సగం చిక్కులు విడిపోతాయి. ఎప్పుడో తీసేసిన సర్వర్ ఐపీ మొదటి వరసలో ఉంటే, అటునుంచి జవాబు రాదని తేలేదాకా ఎదురుచూసి గానీ రెండో వరసకు రాదు. ఫైలు చివరికి తెరుచుకుంటుంది కాబట్టి ఎవరూ దీన్ని దోషమనుకోరు, నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందంటారు. మొదటి వరసలో లోకల్ డ్రైవ్ పాత్ ఉండి, ఎవరి కంప్యూటర్లోనైనా ఆ చోట పాత కాపీ మిగిలి ఉంటే సంగతి ఇంకా ముదురుతుంది. ఆ ఒక్క మనిషి ఎక్కించే వివరాలు మాత్రం అతని సొంత కాపీలోకి పోతుంటాయి. పేరు ఒకటే అయిన ఫైళ్లు రెండుచోట్లా ఉన్నప్పుడు లింకు తప్పు ప్రతికి అతుక్కోవడాన్ని ఫైల్‌మేకర్ డెవలపర్లు క్రాస్‌టాక్ అంటారు. ఫోన్లో వేరేవాళ్ల మాటలు కలిసిపోయినట్టన్నమాట.

స్క్రిప్టులను, ఫీల్డులను ఫైల్‌మేకర్ పేరుతో కాక లోపలి సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది. పేరు మార్చినా లింకు తెగకపోవడం దీనివల్ల వచ్చిన సుఖం. సర్వర్లోని ఫైలును తీసేసి, విడిగా పెంచిన ఇంకో ప్రతిని అదే పేరుతో పెట్టినప్పుడు దీని రెండో ముఖం కనిపిస్తుంది. పాత ప్రతిలో 42వ సంఖ్య స్క్రిప్టు రసీదు ముద్రించేదై, కొత్త ప్రతిలో అదే సంఖ్య వేరే పని చేసే స్క్రిప్టుకు వచ్చి ఉంటే, పక్క ఫైలు నుంచి పిలిచిన పిలుపుకు ఈ రెండోది పలుకుతుంది. ఎర్రర్ రాదు. ఆ సంఖ్యతో స్క్రిప్టే లేకపోతే మాత్రం 104 వస్తుంది. ఫైలు లేదనడానికి 100, పట్టిక లేదనడానికి 106, ఫైలు తెరవలేకపోవడానికి 802 సంకేతాలు.

ఈ సంకేతాలు మనిషి కంటపడకుండా చేసే ఆదేశం ఒకటుంది, సెట్ ఎర్రర్ క్యాప్చర్. దాన్ని ఆన్ చేసి, ఆ తర్వాత చివరి ఎర్రర్ నంబరు అడగకుండా వదిలేసిన స్క్రిప్టుల వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. ఒక ఉదాహరణ చూడండి. బయటి ఫైలు నుంచి రికార్డులు దిగుమతి చేసుకుని, వచ్చినవాటన్నిటికీ ఒక ఫీల్డులో నేటి తేదీ వేసే స్క్రిప్టు ఉందనుకోండి. దిగుమతి సవ్యంగా జరిగితే అప్పుడే వచ్చిన రికార్డులు మాత్రమే ఎంపికలో ఉంటాయి. ఫైలు దొరక్క దిగుమతి విఫలమైతే ముందున్న ఎంపికే మిగులుతుంది. అది పట్టిక మొత్తం కావచ్చు. స్క్రిప్టు ఏమీ ఎరగనట్టు తర్వాతి అడుగు వేసి, పట్టికలోని ప్రతి రికార్డు మీదా నేటి తేదీ వేస్తుంది. పోయింది ఒక చిన్న ఫైలు పాత్, చెడింది ఏళ్ల నాటి రికార్డు. ఇలాంటి స్క్రిప్టు రాసినవాడు ఫైలు కదిపినవాడి మీద తప్పు నెట్టడం రివాజు. నా లెక్కలో ముందు జవాబు చెప్పుకోవలసింది రాసినవాడే.

స్క్రిప్టు ఎక్కడ నడుస్తోంది

క్లయింట్-సర్వర్ డేటాబేసుల్లో ఫైలుకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇది. ఆదేశం టైపు చేసేది మన కంప్యూటర్లో, నడిచేది సర్వర్లో. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు బల్క్ ఇన్సర్ట్ ఆదేశంలో సి డ్రైవ్ అని రాస్తే అది సర్వర్ సి డ్రైవ్, మనది కాదు. పోస్ట్‌గ్రెస్‌లో కాపీ ఆదేశం సర్వర్ ఫైలును చదువుతుంది. పోస్ట్‌గ్రెస్ క్లయింటు పీఎస్‌క్యూఎల్‌లో ముందు వెనక్కివాలు గీత పెట్టిన కాపీ మన దగ్గరి ఫైలును చదువుతుంది. మైఎస్‌క్యూఎల్ లోడ్ డేటాలో లోకల్ అన్న ఒక్క మాట ఈ తేడా తెస్తుంది. ఆ మాట లేనప్పుడు ఇంకో విచిత్రం ఉంది. వట్టి ఫైలు పేరు ఇస్తే ప్రస్తుత డేటాబేస్ ఫోల్డర్లో చూస్తుంది, అదే పేరుకు ముందు చుక్క, ఏటవాలు గీత తగిలిస్తే సర్వర్ డేటా ఫోల్డర్లో చూస్తుంది. మామూలుగా షెల్‌లో ఈ రెండూ ఒకటే కాబట్టి అనుభవజ్ఞులు కూడా ఇక్కడ జారిపడతారు. సెక్యూర్ ఫైల్ ప్రివ్ అనే అమరిక ఒక ఫోల్డర్‌కు పరిమితం చేసి ఉంటే ఇంకెక్కడి ఫైలునైనా 1290 ఎర్రర్‌తో తిరగగొడుతుంది. ఒరాకిల్ అయితే ముందుగా డైరెక్టరీ ఆబ్జెక్టు సృష్టించి అనుమతి ఇచ్చిన చోట్లకే వెళుతుంది. ఫైల్‌మేకర్‌లో కూడా సర్వర్ మీద నడిచే స్క్రిప్టుకు డాక్యుమెంట్స్ ఫోల్డరు, తాత్కాలిక ఫోల్డరు మాత్రమే అందుతాయి. వాడేవాడి డెస్క్‌టాప్ దానికి లేనట్టే.

ఎవరి పేరుతో నడుస్తోందన్నది, ఎక్కడ నడుస్తోందన్న ప్రశ్నకు తోబుట్టువు. మ్యాప్ చేసిన డ్రైవ్ విండోస్‌లో లాగిన్ అయిన మనిషికి చెందినది, కంప్యూటర్‌కు కాదు. రాత్రి సర్వీసుగా నడిచే స్క్రిప్టుకు ఆ డ్రైవ్ కనబడదు. విస్టా నుంచి అయితే అదే మనిషి అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన విండోలో కూడా తను మామూలుగా మ్యాప్ చేసుకున్న డ్రైవ్ కనబడకపోవచ్చు. ‘చేత్తో నడిపితే నడుస్తుంది, షెడ్యూల్ చేస్తే నడవదు’ అన్న ఫిర్యాదుకు తొలి అనుమానం దీనిమీదే పడాలి. లినక్సులో వేళ ప్రకారం నడిచే క్రాన్ పనులకు ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. అవి ఇంటి ఫోల్డర్ నుంచి మొదలవుతాయి, ప్రోగ్రాము ఉన్న ఫోల్డర్ నుంచి కాదు.

ఎస్‌క్యూలైట్ సంగతి ప్రత్యేకం. ఇచ్చిన పాత్‌లో ఫైలు లేకపోతే అది ఫిర్యాదు చేయదు, అక్కడ కొత్త ఖాళీ డేటాబేసును పుట్టిస్తుంది. ఎర్రర్ ఆ తర్వాత, పట్టిక లేదన్న మాటతో వస్తుంది. చూసినవాడు పట్టిక ఎవరు చెరిపేశారా అని వెతుకుతాడు. ఏ ఫోల్డర్లోనైనా సున్నా బైట్ల డేటాబేస్ ఫైలు అకారణంగా కనిపిస్తే ఈ కథ నడిచిందన్నమాటే. ఫైలు ఉంటేనే తెరువు, లేకపోతే సృష్టించకు అని చెప్పే అమరిక ఉంది, నెట్‌వర్క్ స్క్రిప్టుల్లో అది పెట్టడమే మేలు. నెట్‌వర్క్ ఫోల్డర్లలో లాకింగ్‌ను నమ్మలేమని ఎస్‌క్యూలైట్ తయారీదారులే హెచ్చరిస్తారు. దాని వాల్ (రైట్-అహెడ్ లాగ్) పద్ధతి అసలు నెట్‌వర్క్ ఫైల్ వ్యవస్థ మీద పనిచేయదు.

పేరు ఒకటే, బైట్లు వేరు

పెద్ద, చిన్న అక్షరాల తేడాను విండోస్ పట్టించుకోదు, లినక్సు పట్టించుకుంటుంది. సర్వర్ మారినప్పుడు స్క్రిప్టులు కుప్పకూలడానికి ఇది పాత కారణం. తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవారికి అంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. యూనికోడ్‌లో ఐత్వం గుర్తుకు ఒకే సంఖ్య ఉంది, 0సి48. ఎత్వం గుర్తు 0సి46, దాని కింద చేరే ఐత్వపు ముక్క 0సి56, ఈ రెండూ కలిపి రాసినా అదే గుర్తు. తెలుగు అక్షరాల్లో ఇలా రెండుగా విడిపోయేది ఇదొక్కటే. మ్యాక్ కంప్యూటర్ల పాత ఫైల్ వ్యవస్థ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచుకునేది. ‘హైదరాబాద్’ అన్న ఫైలు పేరు మామూలుగా యూటీఎఫ్-8లో 27 బైట్లు, విడదీస్తే 30 బైట్లు. అలాంటి మ్యాక్ నుంచి లినక్సు సర్వర్‌కు చేరిన ఫైలును, స్క్రిప్టులో టైపు చేసిన పేరుతో వెతికితే దొరకదు, తెర మీద రెండూ ఒకేలా ఉన్నా సరే. ‘విజయవాడ’ దొరికి ‘నైవేద్యం’ దొరకకపోతే కారణం ఇదే కావచ్చు. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు చేర్చే, కంటికి కనబడని విభజన గుర్తు కూడా ఇలాగే ఏడిపిస్తుంది. పేరు చివర అది ఉందో లేదో ఏ మనిషీ చూసి చెప్పలేడు. నెట్‌వర్క్‌లో తిరిగే ఫైళ్లకు రోమన్ అక్షరాలు, అంకెలు మాత్రమే వాడి, తెలుగు పేరును పట్టికలో ఒక ఫీల్డుగా పెట్టుకోవడం సుఖం. తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్లకూ ఇదే చెప్పక తప్పదు.

దోషాన్ని పట్టుకోవడం

ముందు ఎర్రర్ మాటను కాక సంఖ్యను చూడాలి. విండోస్ ఇచ్చే 2 అంటే ఫోల్డర్ ఉంది, ఫైలు లేదు. 3 అంటే దారిలో ఏదో ఫోల్డరే లేదు. 5 అంటే అనుమతి లేదు. 32 అంటే ఫైలు ఇంకొకరి చేతిలో ఉంది. 53 అంటే సర్వరే అందలేదు. డేటాబేస్ ప్రోగ్రాములు వీటన్నిటినీ తరచుగా ‘ఫైలు తెరవలేకపోయాం’ అన్న ఒకే వాక్యంలో ముంచేస్తాయి.

సంఖ్య చాలకపోతే ప్రోగ్రాము నిజంగా ఏ ఫైలు అడిగిందో చూడాలి. విండోస్‌లో దీనికి ప్రాసెస్ మానిటర్‌ను మించినది లేదు. అడిగిన ప్రతి పాత్‌నూ, వచ్చిన జవాబునూ వరసగా చూపిస్తుంది. వెతుకులాట ఎక్కడెక్కడ తిరిగి ఎక్కడ ఆగిందో కళ్లకు కడుతుంది. లినక్సులో ఎస్‌ట్రేస్, ఎల్ఎస్ఓఎఫ్ ఆ పని చేస్తాయి. ఫైల్‌మేకర్‌లో డేటాబేస్ డిజైన్ రిపోర్టు తీసి, తెగిన రిఫరెన్సులను, అందులో మిగిలిన పాత ఐపీలను వెతకవచ్చు.

తప్పు ఫైలు దొరికే రకానికి మాత్రం ఈ పరికరాలకన్నా ముందు, తెరిచిన ఫైలునే నువ్వెవరని అడగాలి. ఫాక్స్‌ప్రోలో డీబీఎఫ్ ఫంక్షన్ తెరిచి ఉన్న పట్టిక పూర్తి పాత్ చెబుతుంది. ఎస్‌క్యూలైట్‌లో ప్రాగ్మా డేటాబేస్ లిస్ట్, ఫైల్‌మేకర్‌లో గెట్ ఫైల్‌పాత్, గెట్ హోస్ట్‌నేమ్ అదే పని చేస్తాయి. ఇంకా గట్టి ఏర్పాటు కావాలంటే ప్రతి డేటాబేస్‌లోనూ ఒకే వరస ఉండే చిన్న పట్టిక పెట్టి, ఇది అసలుదా, పరీక్షదా, ఏ శాఖది అన్న సంగతి అందులో రాసి ఉంచాలి. స్క్రిప్టు ఏదైనా రాసేముందు ఆ వరస చదివి, సరిపోకపోతే ఆగాలి. ఫైలు ఉందో లేదో చూసుకుని తర్వాత తెరవడం కన్నా, నేరుగా తెరిచి వచ్చిన ఎర్రర్‌ను పరిశీలించడం నయం. చూసిన క్షణానికీ తెరిచిన క్షణానికీ మధ్య నెట్‌వర్క్‌లో ఏమైనా జరగవచ్చు.

పాతులను స్క్రిప్టుల్లో చల్లకుండా ఒకేచోట ఉంచాలన్నది అందరూ చెప్పే మాటే. ఐపీ బదులు డీఎన్ఎస్ పేరు వాడితే సర్వర్ మారిన రోజు ఒక్క చోట మార్పుతో పోతుంది.

ఇక, సర్వర్ మార్చినప్పుడు పాత ఫైలును ‘ఎందుకైనా మంచిది’ అని అదే పేరుతో అక్కడే వదలకండి. జిప్ చేసి, పేరులో తేదీ చేర్చి, ఏ స్క్రిప్టూ తెరవలేని చోట పెట్టండి. సమస్య వచ్చి ఎవరినైనా సాయం అడిగేటప్పుడు ఎర్రర్ బొమ్మ ఒక్కటే పంపకుండా నాలుగు సంగతులు రాయండి: స్క్రిప్టు నడిచిన కంప్యూటరు, నడిపిన అకౌంటు, అది మొదలైన ఫోల్డరు, అడిగిన ఫైలు పూర్తి పాత్.